పేర్లు పడేదాకా

మొన్నొక మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేక, స్టీలు గ్లాసుకు ఫోను ఆనించి ఒక కొత్త సినిమా చూస్తున్నాను. హీరో ఇరవై మందిని కొట్టాడు, పెళ్లి చేసుకున్నాడు, తెర నల్లబడింది, పేర్లు పడటం మొదలైంది. అలవాటు కొద్దీ నా బొటనవేలు దాన్ని మూసేయడానికి పోయింది. సరిగ్గా అప్పుడే పక్క కొట్టు ఇస్త్రీ ఆయన తడి నూలు చొక్కా మీద బొగ్గుల పెట్టె ఆనించాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. కాలీ కాలని నూలు వాసన, దాని వెనక కొంచెం గంజి, కొంచెం బొగ్గు. నా వేలు గాల్లోనే ఆగిపోయింది. అది సంగప్ప కాక వాసన. పేర్లన్నీ అయిపోయేదాకా కదలకుండా కూర్చున్నాను. కూర్చున్నానని గొప్ప చెప్పుకోవడం లేదు. చేయాల్సిన రోజున చేయని పని, ఎవరూ అడగని రోజున చేస్తే దానికి ఏం ధర పలుకుతుంది? దుకాణదారుల ఇంట్లో పుట్టినవాణ్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

నారాయణఖేడ్‌లో మాది బట్టల దుకాణం. దాని అరుగు మీద ఎడమ పక్కన, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక కుట్టు మిషను, దాని వెనక సంగప్ప కాక. లోపల మా బాపు ప్యాంటు గుడ్డ చించితే బయట కాక కొలత తీసుకునేవాడు. నాగల్‌గిద్ద దిక్కు మనిషి. మాట తెలుగే గాని ఔననాల్సిన చోట ‘హౌదు’ అనేవాడు. చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు, కాలి కింద పెడలు, పక్కన బొగ్గుల ఇస్త్రీ పెట్టె. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోలు దిగినవాళ్లు గుడ్డ కొన్నా కొనకపోయినా ఆయన ముందు కాసేపు కూర్చునేవాళ్లు. కుట్టుపని కోసం కాదు, సినిమా గురించి అడగడానికి. అప్పుడు మా ఊళ్లో రేకుల కప్పు టాకీసు ఒకటి ఉండేది. ఇప్పుడందులో కందుల బస్తాలు వేస్తున్నారు.

కాక ఏ సినిమానూ మొదటి రోజు చూసేవాడు కాదు. జనం పల్చబడ్డాక, రెండో వారంలో ఒకనాడు మిషను మీద గుడ్డ కప్పి మ్యాట్నీకి పోయేవాడు. మరునాడు ‘కాకా, ఎట్లుంది?’ అని ఎవరైనా అడిగితే బాగుందనీ చెప్పడు, బాగాలేదనీ చెప్పడు. తను చూసిన ఒక్క సంగతి చెప్తాడు. ఒకసారి ఊరంతా తిట్టిపోసిన సినిమా గురించి అడిగితే, దారం పళ్లతో తెంపి, “ముసలాయన చాయ్ సాసర్ల పోసుకొని ఊదిండు. ఊదుకుంటనే బిడ్డ మొఖం సూసిండు. బిడ్డ తినలేదని ఆయనకు ఎరుకైంది. ఇగ నాకు పైసలు గిట్టినయి” అన్నాడు. ఇంకోసారి ఊరంతా ఈలలు వేసిన సినిమాకు, “అంతమందిని కొట్టినా అంగి మడత నలగలే. ఆ అంగి ఇస్త్రీ చేసినోడు అసలు మొగోడు” అన్నాడు. అరుగంతా నవ్వు.

ఆయనకు ఇంకో పట్టుదల ఉండేది. సినిమా అయ్యాక చివరి పేరు పడేదాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు. జనం లేస్తున్నారు కదా అని ఆపరేటరు యంత్రం ఆపబోతే, కింది నుంచే కేకేసేవాడు: “అరె, ఇంకా పేర్లున్నయి! జర ఆగరాదూ!” ఎందుకు కాకా అంత పట్టింపు అంటే, “కుట్టినోని పేరు ఆఖర్ల ఏస్తరు. గాయన పేరు సూడకుండ లేస్తే, మనోని పెండ్లికి పోయి తినకుండ వచ్చినట్టే” అన్నాడు. ఆ పేర్లు చదవడానికి ఆయనకు ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చున్న నన్ను చదవమనేవాడు. నేను ఒక పేరు చదివి మూడు మింగేవాణ్ని.

మా బాపు నాకు నేర్పిన విద్య వేరు. కాలేజీ చదివే రోజుల్లో నన్ను బీదర్‌కు సరుకు కొనడానికి తీసుకుపోయేవాడు. నచ్చిన గుడ్డ తాను మీద చెయ్యి కూడా వేయకూడదు, అది మొదటి పాఠం. “కావాల్సిన సరుకు ముందల మొఖం మాడ్చుకోవాలె. రంగు పోతదనాలె, నేత పల్చగున్నదనాలె. నీకు అది కావాలని ఎదుటోనికి తెలిసిందా, నువ్వు మునిగినవు” అనేవాడు. నేను ఆ విద్యలో బాపును మించాను. కూరగాయల దగ్గర, ఆటో దగ్గర, చివరికి పెళ్లిచూపుల్లో కూడా ముఖం మాడ్చుకునే కూర్చున్నాను. పిల్ల నచ్చలేదేమోనని వాళ్లు వేరే సంబంధం చూడబోతే పరుగెత్తుకుంటూ పోయి ఒప్పుకున్నాను. ఆ పిల్లే నా భార్య జ్యోతి. ఆ ముచ్చట ఇప్పటికీ వదలదు.

ఒకనాడు కాకతో కలిసి ఒక పాత సినిమాకు పోయాను. మళ్లీ వేశారు. అందులో ఒక అక్క తమ్ముడి కోసం చేసే పనికి నాకు కళ్లు ఆగలేదు. తుడుచుకుని బయటికి రాగానే దోస్తులు ఎట్లుందని అడిగారు. “ఏముంది, పాత కథే. ఏడుపు జాస్తి” అన్నాను. కాక నా పక్కనే నడుస్తున్నాడు. దోస్తులు పోయాక అడిగాడు:

“ఏడ్చినవు గద?”

“కంట్ల దుమ్ము పడ్డది కాకా.”

“రెండు కండ్లల్లనా?” అని నవ్వి, తర్వాత నవ్వకుండా అన్నాడు: “ఈరేశం, టికెట్ కొన్నవు, కుర్సీల కూసున్నవు, సినిమా నీదైపోయింది. ఇంకా ఎవనితోని బేరం జేస్తున్నవురా?”

కొనే ముందు సరుకును తిట్టాలని బాపు చెప్పాడు గాని, కొన్న తర్వాత ఏం చేయాలో చెప్పలేదు.

నా పెళ్లి ప్యాంటు కాకే కుట్టాడు. వేసుకుని చూస్తే నడుము దగ్గర లోపల దండిగా గుడ్డ తగిలింది. ఇదేందని అడిగాను. “నాలుగు వేళ్ల మందం గుడ్డ లోపల ఇడిసిన. పెండ్లయినంక పొట్ట వస్తది. అప్పుడు కుట్టు ఇప్పుకో” అన్నాడు. మా ఇంట్లో చినిగిన గుడ్డ పేలిక కూడా లెక్కే. బయటికి కనబడని గుడ్డ నాలుగు వేళ్లు లోపల దాచిపెట్టడం నాకు దండగ అనిపించింది. రెండేళ్లలో ఆ కుట్టు విప్పాల్సి వచ్చింది. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ఫోన్లు వచ్చాక నేను సినిమాల మీద మాట్లాడటం మొదలుపెట్టాను. ప్యాంటు గుడ్డల అల్మారా ముందు నిలబడి రెండు నిమిషాల వీడియో. మొదట్లో నేను చెప్పిన మంచి మాటల్లో సగం అరుగు మీద విన్నవే. సాసర్లో చాయ్ ఊదిన ముసలాయన సంగతి కూడా నేను కనిపెట్టినట్టే చెప్పుకున్నాను. తిట్లు మాత్రం నా సొంతం. తిట్టిన వీడియోలే ఎక్కువమంది చూశారు. కంగ్టి నుంచి, బీదర్ నుంచి కూడా ‘అన్నా, ఈ సినిమాకు పోవాల్నా వద్దా’ అని అడిగేవాళ్లు. నాకు కొంచెం కొవ్వెక్కింది. ఆ కొవ్వుకు కాక ఏ కుట్టులోనూ గుడ్డ వదలలేదు.

అట్లాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి కొందరు పిల్లలు కెమెరాలతో మా ఊరికి వచ్చారు. చెరకు కొట్టడానికి వలసపోయిన తల్లిదండ్రుల కోసం ఎదురుచూసే ఒక చిన్నపిల్ల కథ వాళ్లది. మా అరుగు వాళ్లకు నచ్చింది. అరుగు ఎవరిది? మాది. సినిమాల గురించి ఊళ్లో మాట్లాడేది ఎవరు? నేను. కొత్త అంగి తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను. దర్శకురాలు ఇరవై అయిదేళ్ల అమ్మాయి. నా వైపు చేయి చూపింది. నేను జుట్టు సవరించుకున్నాను.

“అన్నా, కొంచెం పక్కకు జరుగుతారా? తాత మీద మీ నీడ పడుతోంది.”

జరిగాను. వాళ్లకు కావలసింది సంగప్ప కాక. సూదిలో దారం ఎక్కించమన్నారు, అంతే. ఆయన మూడుసార్లు తప్పి నాలుగోసారి ఎక్కించాడు. ఆ తర్వాత వాళ్లు ఆయన్ని నాగల్‌గిద్దకు తీసుకుపోయి, ఆయన బిడ్డ ఇంటి దగ్గర ఇంకేదో తీశారు. ఏం తీసిండ్రు కాకా అని అడిగితే, “సినిమా సూస్తవు గద, తెలుస్తది” అని ముసిముసిగా నవ్వాడు.

సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే దాని మీద నేను పెట్టిన వీడియో దాచుకున్నవాళ్లు ఎవరో ఒకరు బయటికి తీస్తారు. మా టాకీసు మూతపడింది కనుక జహీరాబాద్ పోయి చూశాను. మొదటి సగంలోనే మా అరుగు వచ్చింది. కాక సూది కంటి ముందుకు తెచ్చుకున్నాడు. దారం తప్పింది. మళ్లీ తప్పింది. వెనకనుంచి ఎవరో ఆడమనిషి ‘అయ్యో’ అన్నది. నాలుగోసారి ఎక్కగానే జనం చప్పట్లు కొట్టారు. సూదిలో దారం ఎక్కితే చప్పట్లు! ఇంటర్వెల్‌లో బయటికొచ్చి బస్టాండులో నిలబడి వీడియో తీశాను. ఏమన్నానో అక్షరం మరచిపోలేదు. “మా ఊరి దర్జీ కాకను పెట్టిండ్రు. యాక్టింగ్ లేదు ఏం లేదు. సూదిల దారం ఎక్కిచ్చుటానికి ఇంతసేపా? ఫస్టాఫ్ సాగుతది, సెకండాఫ్ ఇంకా సాగుతది. పైసలు దాచుకోండ్రి.” బస్సెక్కి ఇంటికొచ్చాను. అప్పటికి జహీరాబాద్‌లో సినిమా ఇంకా అయిపోలేదు.

మరునాడు కాక యథాప్రకారం వచ్చి మిషను మీది గుడ్డ తీశాడు. ఎవరో ఆయనకు వీడియో చూపించేశారని ఆయన నన్ను చూడకపోవడంతోనే తెలిసింది. తీసిన గుడ్డ మడతపెడుతూ అడిగాడు:

“సెకండాఫ్ గూడ సాగిందా?”

“సాగింది కాకా. ఉన్నది చెప్పాలె గద.”

“హౌదు, ఉన్నది చెప్పాలె. మొత్తం సూసినవా?”

“సూసిన.”

“పేర్లు పడేదాకా?”

“పడేదాకా.”

అప్పుడు నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. కొలత తీసుకునేటప్పుడు చూసే చూపు. “మంచిది” అని తల వంచి పెడలు తొక్కాడు. ఆ రోజు ఆయన ముందు సూదులు వరుసగా ఉన్నాయి. వాటన్నిటికీ దారాలు ఎక్కించే ఉన్నాయి. పొద్దున్నే వచ్చేటప్పుడు బిడ్డతో ఎక్కించుకుని తెచ్చుకుంటున్నాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ సూదిలో దారం తప్పడం నటన కాదు. ఆయనకు చూపు పోతోంది.

వానకాలం తిరిగేసరికి అరుగు ఖాళీ అయింది. కాక రావడం మానేసి నాగల్‌గిద్దలో బిడ్డ దగ్గరే ఉండిపోయాడు. మిషను మా దగ్గరే ఉంచాడు. ‘ఎవరన్న కుట్టెటోడు వస్తే ఇయ్యి’ అన్నాడు.

ఒక ఆదివారం జ్యోతి లోపల టీవీ చూస్తోంది. నేను భోజనానికి వస్తుంటే కేకేసింది. “ఇగో, జల్దీ రా! సంగప్ప కాక టీవీల వచ్చిండు!” చేయి కూడా కడుక్కోకుండా పోయి నిలబడ్డాను. అదే సినిమా, రెండో సగం. కాక ఆ చిన్నపిల్ల స్కూలు గౌనుకు కొలత తీసుకుంటున్నాడు. పిల్ల అంటోంది, పొడుగైతది తాతా అని. కొలత తీసేటప్పుడు మామూలుగా ఏం మాట్లాడుతారో అదే మాట్లాడమని వాళ్లు ఆయనకు చెప్పారట. ఆయన టేపు మడుస్తూ అంటున్నాడు:

“లోపల గుడ్డ ఇడిసిన బిడ్డా. నువ్వు పెరిగినకొద్ది ఇప్పుకోవాలె. మా అరుగు సేటు కొడుకుండు, ఈరేశం. వానికీ ఇట్లనే ఇడిసిన. వట్టి బేరగాడు. గాని సినిమా మంచిగ సూస్తడు, రెండు కండ్లల్ల నీళ్లు వెట్టుకొని. నాకు సూపు మందమైతుంది. రేపు కనవడకుంటె వాని నోటితోనే సూడాలె సినిమాలు.”

జ్యోతి నా వైపు తిరిగి, “ఇంత మంచిగ చెప్పిండు గదా, నువ్వు నాకు ఒక్కనాడన్న చెప్పలేదేంది?” అంది. తర్వాత నా ముఖం చూసి, “అంటే... నువ్వు చూడనే లేదా?” అంది. నేను పెట్టిన వీడియో ఆమె కూడా చూసింది. టీవీ ఆపలేదు, నన్ను తిట్టలేదు. అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. ఆ వీడియో తీసేశాను. చూసినవాళ్ల చెవుల్లోంచి ఎట్లా తీస్తాను?

నాగల్‌గిద్ద పోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మంచి అంగి గుడ్డ ఒకటి సంచిలో పెట్టుకున్నాను. ఖాళీ చేతులతో బేరానికి పోకూడదు కదా. కాక వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకే తల ఎత్తి, “ఈరేశం వచ్చిండు. చెప్పులు ఈడ్సుకుంట నడుస్తడు” అన్నాడు బిడ్డతో.

గుడ్డ చేతిలో పెట్టాను. వేళ్లతో తడిమి, “నేత మంచిగున్నది” అని పక్కన పెట్టాడు. నేను దారి పొడుగునా కూర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. “కాకా, నేను వట్టి లుచ్చాగాన్ని. నీ కాలి చెప్పుకు గూడ సరిపోను. గడ్డి తిన్న. నాసొంటోని మొఖం సూడొద్దు—”

“ఆగు, ఆగు” అన్నాడు. “ఎంతకు దిగుతవు ఇంకా?”

నేను ఆగాను.

“నిన్ను నువ్వే కిందికి గుంజుతున్నవు. నేను ‘అట్లనకు బిడ్డా, నువ్వు మంచోనివి’ అంటనని. హౌదా? ఇదీ బేరమేరా.”

ఇన్నేళ్లలో నన్నెవరూ అంత పల్చగా కోసి చూడలేదు. నా మీద నేను వేసుకునే హాస్యమంతా, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నది కూడా, సరుకును ముందే తిట్టి తక్కువకు కొట్టేసే ఎత్తే. ఆయన బిడ్డ చాయ్ తెచ్చి ఇచ్చింది. సగం తాగాక కాక అన్నాడు:

“జహీరాబాద్‌ల ఆ పోరగాండ్లు నన్నూ తీసుకపోయిండ్రు. నాకు మసక మసక కనవడ్డది. ఇప్పుడు సూసొచ్చినవు గద. చెప్పు. సెకండాఫ్ నుంచి.”

చెప్పాను. ఫోనులో మొదటినుంచి తెర నల్లబడేదాకా చూసే పోయాను కనుక చెప్పగలిగాను. పిల్ల బస్సు దిగినవాళ్లందరి ముఖాలు చూడటం, తల్లి పంపిన సంచిలో గాజులు పగిలిపోయి ఉండటం, పిల్ల ముక్కలన్నీ ఏరుకుని డబ్బాలో పెట్టుకోవడం. ఎట్లుందో చెప్పలేదు, ఏముందో చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. గౌను కొలత దగ్గరికి వచ్చేసరికి దర్జీ మాట దాటేసి ముందుకు పోబోయాను.

“దర్జీ ఏమన్నడు?” అని అడిగాడు.

“నీకు ఎరుకే గద కాకా.”

“నాకు ఎరుకే. నువ్వు చెప్పు.”

చెప్పాను. ‘వాని నోటితోనే సూడాలె’ అన్న మాట నా నోటితోనే ఆయనకు వినిపించాను. ఇంతకంటే బరువైనది నేను ఎన్నడూ మోయలేదు. “ఇంక?” అన్నాడు. మిగతాది చెప్పాను. తెర నల్లబడిందని చెప్పాను.

“పేర్లు పడ్డయా?”

“పడ్డయి. నీ పేరు పడ్డది. దర్జీ, సంగప్ప అని.”

ముఖం వెలిగింది. “బట్టలు కుట్టినోళ్ల పేర్లో? ఆ పిల్ల గౌను నేను కొలత తీసినట్టు చేసిన గాని, కుట్టింది నేను కాదు. కుట్టు మంచిగుండె. చేతితోని పట్టి సూసిన.”

నేను చూడలేదు. కాక పేరు కనబడగానే కళ్లు నిండిపోయి, ఆ తర్వాతవేవీ చూడకుండా ఆపేశాను. మళ్లీ సగంలోనే లేచాను. ఏదో ఒక పేరు చెప్పేస్తే సరిపోయేది. చూపులేని మనిషి, ఎవరు తిరిగి చూస్తారు? నాలుక మీదికి ఒక పేరు వచ్చింది కూడా.

“సూడలే కాకా” అన్నాను.

కాక నవ్వాడు. గట్టిగా, దగ్గొచ్చేదాకా. “ఇగో, ఇప్పుడు ఉన్నది చెప్పినవు. పోయి సూసి రా. వచ్చి చెప్పు.”

ఇంటికొచ్చి ఆ సాయంత్రమే చూశాను. ఇద్దరి పేర్లు ఉన్నాయి. కాగితం మీద రాసుకుని అంగి జేబులో పెట్టుకున్నాను. మరుసటి వారం నుంచి పెళ్లిళ్ల గిరాకీ మొదలైంది. ఈ వారం కాదు, వచ్చే వారం పోదాం అనుకున్నాను. వచ్చే వారం అనుకుంటూనే ఆ నెల గడిచింది. పేర్లు రెండే కదా, ఎక్కడికి పోతాయి అనుకున్నాను. పేర్లు ఎక్కడికీ పోలేదు, కాకే పోయాడు. కబురు అందేసరికి దుకాణంలో పెళ్లివాళ్లకు చీరలు విప్పి చూపిస్తున్నాను.

ఇప్పుడు ఎవరైనా సినిమా ఎట్లుందని అడిగితే నేను చూసిన ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటున్నాను. సగమే చూస్తే సగమే చూశానంటున్నాను. వీడియోలు మానేశాను. మిషను ఇంకా అరుగు మీదే ఉంది. కుట్టేవాళ్లు ఎవరూ రాలేదు. ఆ కాగితం రెండు అంగీలు మారింది, ఒకసారి నీళ్లలో కూడా నానింది, అయినా అక్షరాలు పోలేదు. నాగల్‌గిద్ద దాకా పోయి అప్పజెప్పాల్సిన మాట అది. నా దగ్గరే ఉండిపోయింది. ఆ సినిమాకు బట్టలు కుట్టింది యశోద, షాహీన్.